బడి పైకప్పు మీద రాతినార రేకులు: అసలు ప్రమాదం మరమ్మతుల రోజుల్లోనే

మనిషి ఆరోగ్యం ఆరు విషయాల మీద ఆధారపడి ఉంటుందని యూనానీ వైద్యం చెబుతుంది. వీటిని అస్బాబె సిత్తా జరూరియా అంటారు. గాలి, తిండీ నీళ్లూ, శరీరానికి కదలికా విశ్రాంతీ, మనసుకు కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, ఒంట్లో ఉండవలసింది ఉండటం, పోవలసింది పోవటం. ఈ ఆరింటిలో మొదట లెక్కపెట్టేది గాలినే. వెయ్యేళ్ల కిందట బూ అలీ సీనా తన 'అల్ ఖానూన్' గ్రంథంలో గాలి మంచిచెడ్డల గురించి ఎంతో వివరంగా రాశారు. తిండి లేకుండా మనిషి కొన్ని రోజులైనా ఉండగలడు. గాలి లేకుండా కొన్ని నిమిషాలు కూడా ఉండలేడు.

బిడ్డ బడి నుంచి ఇంటికి రాగానే "ఏం తిన్నావు?" అని ప్రతి తల్లీ అడుగుతుంది. "ఏ గాలి పీల్చావు?" అని ఎవరూ అడగరు. అడిగినా చెప్పడం పిల్లల వల్ల కాదు. ఆ సంగతి చూసుకోవలసింది పెద్దలే.

బళ్ళారి జిల్లాలో గానీ, 1953 అక్టోబరు 1 వరకు ఇదే జిల్లాలో ఉండి తర్వాత ఆంధ్రలో కలిసిన ఆలూరు, ఆదోని, రాయదుర్గం ప్రాంతాల్లో గానీ సిమెంటు రేకుల కప్పు తెలియని వాళ్లుండరు. ప్రభుత్వ బడి వరండా, అంగన్‌వాడీ, మదరసా హాలు, హాస్టలు వంటగది, సైకిళ్ల షెడ్డు, ఎక్కడ చూసినా ఇవే కనిపిస్తాయి. తక్కువ ఖర్చుతో నాలుగు రోజుల్లో నీడ ఏర్పడుతుంది కాబట్టి వేసుకున్నారు. ఇందులో తప్పు పట్టవలసింది లేదు.

అయితే ఈ రేకుల గురించి రెండు మాటలు వినపడుతున్నాయి. "మా తాతల కాలం నుంచి ఈ రేకుల కిందే ఉన్నాం, ఏమైంది?" అనేవారు కొందరు. "ఈ రేకుల కింద కూర్చుంటే క్యాన్సర్ వస్తుందట, రేపే పగలగొట్టించేద్దాం" అనేవారు మరికొందరు. మొదటి మాట నిర్లక్ష్యం. రెండో మాటలో భయం ఉంది, కానీ అందులో చెప్పిన పరిష్కారం రోగం కంటే ప్రమాదకరం. ఎందుకో తెలుసుకుందాం.

రేకులో ఏముంది?

సిమెంటు రేకులో సిమెంటుతో పాటు పదో వంతు దాకా ఆస్‌బెస్టాస్ అనే పదార్థం కలిసి ఉంటుంది. దీన్నే తెలుగులో రాతినార అంటారు. పేరుకు తగ్గట్టే ఇది నేలలో దొరికే రాయి. కానీ జనుములా, దూదిలా నారలు నారలుగా విడిపోతుంది. నిప్పుకు కాలదు, లాగితే తెగదు. అందుకే సిమెంటుకు బలం ఇవ్వడానికి దీన్ని కలిపారు.

పూర్వీకులకు కూడా ఇది కొత్త వస్తువు కాదు. అరబ్బీలో దీనికి హజరుల్ ఫతీలా, అంటే వత్తిరాయి, అని పేరుంది. బదఖ్షాన్ కొండల్లో దొరికే ఈ రాతినారతో దీపాలకు వత్తులు చేసేవారనీ, దీనితో నేసిన గుడ్డ మురికిపడితే మంటలో వేసి శుభ్రం చేసేవారనీ పదో శతాబ్దపు భూగోళ రచయిత అల్ ముఖద్దసీ రాశారు.

మన వైపు కూడా ఇది ఉంది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తెల్ల రాతినార గనులు ఉండేవి. ఈ రకాన్ని క్రైసోటైల్ అంటారు. ఇక రేకుల తయారీకి హైదరాబాదు 1940ల నుంచే పెట్టింది పేరు. అక్కడి కంపెనీ తయారుచేసిన చార్మినార్ రేకుల పేరు తెలుగు పల్లెల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, చాలామందికి సిమెంటు రేకు అంటే చార్మినార్ రేకే.

రాతినార తవ్వకాల విషయంలో మన ప్రభుత్వం ఎప్పుడో జాగ్రత్త పడింది. 1986లో కొత్త గనుల లీజులు ఇవ్వవద్దని రాష్ట్రాలకు చెప్పింది. 1993లో పాత లీజులను పొడిగించడం కూడా ఆపింది. కానీ విదేశాల నుంచి తెల్ల రాతినారను తెప్పించుకుని రేకులు చేయడం, అమ్మడం మాత్రం సాగుతూనే ఉంది. కాబట్టి పాత కప్పుల మీదే కాదు, కొత్తగా కొనే బూడిద రంగు అలల రేకుల్లో కూడా ఇది ఉండవచ్చని అనుకోవడమే క్షేమం.

ఊపిరిలోకి వెళితే ఏమవుతుంది?

రాతినార పోగు ఒకటి విడివడితే కంటికి కనిపించదు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. రాతినార పోగు మందం ఒక మైక్రానులో చిన్న భాగం మాత్రమే. అంత సన్నని పోగు గాలిలో గంటల తరబడి తేలుతుంది. ముక్కులోని వెంట్రుకలకు, గొంతులోని చెమ్మకు చిక్కకుండా ఊపిరితిత్తుల చివరి గాలిబుడగల దాకా వెళుతుంది.

అక్కడ శరీరపు కాపలా కణాలు దాన్ని మింగి అరిగించాలని చూస్తాయి. పోగు పొడవు ఆ కణం కంటే ఎక్కువైతే మింగుడు పడదు, బయటకూ పోదు. కణం దెబ్బతిని లోపలి రసాయనాలను చుట్టూ చిమ్ముతుంది. అక్కడ వాపు పుడుతుంది. ఆ వాపు ఏళ్ల తరబడి కొనసాగితే మూడు రకాల నష్టం జరగవచ్చు.

ఒకటి, ఊపిరితిత్తుల మెత్తని భాగం మచ్చలు కట్టి గట్టిపడుతుంది. దీన్ని ఆస్‌బెస్టోసిస్ అంటారు. రోగికి ఎండు దగ్గు, మెట్లెక్కితే ఆయాసం ఉంటాయి. రెండు, ఊపిరితిత్తుల క్యాన్సర్. బీడీ, సిగరెట్ తాగేవారికి ఈ ముప్పు కూడిక లెక్కన కాక గుణకారం లెక్కన పెరుగుతుంది. మూడు, ఊపిరితిత్తుల మీది పొరకు వచ్చే మెసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్. ఇది కొద్దిపాటి రాతినార పీల్చినవారికి కూడా వచ్చిన సందర్భాలు ఉన్నాయి. దీన్ని నయం చేయడం చాలా కష్టం.

పాత యూనానీ గ్రంథాల్లో ఊపిరితిత్తి పొర వాపును జాతుల్‌జంబ్ అనీ, ఆయాసాన్ని జీకున్నఫస్ అనీ అన్నారు. లక్షణాలు పైకి ఒకేలా కనిపించవచ్చు. అందుకే ఈ రోగులు ఎంతోకాలం దమా అనుకునో, టీబీ అనుకునో మందులు వాడుతూ ఉండిపోతారు.

అన్ని రకాల రాతినారా మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ తేల్చి చెప్పింది. తెల్ల రాతినార పోగులు నీలి, గోధుమ రంగు రకాల కంటే త్వరగా ఊపిరితిత్తుల్లో విరిగిపోతాయన్నది నిజమే. కొందరు దీన్ని పట్టుకుని తెల్ల రకం క్షేమం అంటారు. విరిగిపోయేలోపే అది హాని చేయగలదు కాబట్టి ఆ సంస్థ దానికి మినహాయింపు ఇవ్వలేదు.

దూది దుమ్ముతో పోల్చి చూడండి

ఆదోని, బళ్ళారి జిన్నింగు మిల్లుల్లో పని చేసిన పెద్దలకు, దూది ఏకిన కుటుంబాలకు దుమ్ము దగ్గు గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. సెలవు తర్వాత పనిలోకి వెళ్లిన మొదటి రోజే ఛాతీ బిగుసుకుపోవడం దాని గుర్తు. తొలిదశలోనే ఆ పని మానేస్తే చాలామందికి అది తగ్గుముఖం పడుతుంది. దూది దుమ్ము ఇలా ముందుగా హెచ్చరిస్తుంది.

రాతినార హెచ్చరించదు. పీల్చిన రోజున దగ్గు రాదు, తుమ్ము రాదు, కళ్లు మండవు. ఆస్‌బెస్టోసిస్ బయటపడటానికి పదేళ్ల పైన, సాధారణంగా ఇరవై ఏళ్లు పడుతుంది. మెసోథీలియోమాకు ఇరవై నుంచి యాభై ఏళ్లు. "ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా" అనే మాట ఈ ఒక్క విషయంలో మనకు భరోసా ఇవ్వలేదు.

పిల్లల గురించి ఎందుకింత ఆందోళన?

కారణం లెక్కలోనే ఉంది. యాభై ఏళ్ల వయసులో రాతినార పీల్చిన మేస్త్రీకి, ఆ రోగం పెరిగేంత కాలం బతుకు మిగిలి ఉండకపోవచ్చు. ఆరేళ్ల పిల్లకు అరవై ఏళ్ల బతుకు ముందుంది. బ్రిటన్ ప్రభుత్వానికి సలహా ఇచ్చే క్యాన్సర్ నిపుణుల కమిటీ 2013లో ఈ లెక్క వేసింది. ఒకే మోతాదు రాతినార ఐదేళ్ల పిల్లవాడు పీల్చినా, ముప్పై ఏళ్ల మనిషి పీల్చినా, జీవితకాలంలో మెసోథీలియోమా వచ్చే అవకాశం పిల్లవాడికి సుమారు ఐదు రెట్లు ఎక్కువని అంచనాకు వచ్చింది.

టర్కీ పల్లెలు దీనికి సాక్ష్యం. అక్కడ అనతోలియా ప్రాంతంలోని కొన్ని ఊళ్లలో నేలలో దొరికే తెల్లమట్టితో గోడలకు పూత పూసేవారు. మనం సున్నం కొట్టినట్టే. ఆ మట్టిలో రాతినార ఉందని వాళ్లకు తెలియదు. పుట్టిన నాటి నుంచీ ఆ ఇళ్లలో పెరిగినవారిలో, ఏ ఫ్యాక్టరీ గడపా తొక్కని ఆడవాళ్లలో సైతం, మెసోథీలియోమా కేసులు ఎక్కువగా బయటపడ్డాయి. ఫ్యాక్టరీ కార్మికుల రోగం అనుకున్నది ఇంటి గోడ వల్ల కూడా రాగలదని ప్రపంచానికి అలా తెలిసింది.

మరి రేకు కింద కూర్చుంటేనే ప్రమాదమా?

ఇక్కడ భయపడకుండా వినాలి. పగుళ్లు లేని, గట్టిగా ఉన్న సిమెంటు రేకులో రాతినార సిమెంటుకు అతుక్కుని ఉంటుంది. దాని కింద కూర్చుని చదువుకున్నంత మాత్రాన పోగులు పెద్దగా గాలిలోకి రావు. రేకు దెబ్బతిన్నప్పుడూ, దాన్ని కోసినప్పుడూ, రాసినప్పుడూ, పగలగొట్టినప్పుడూ పోగులు విడివడతాయి. అంటే ప్రమాదం దుమ్ములో ఉంది.

బడిలో ఈ దుమ్ము ఎప్పుడెప్పుడు లేస్తుందో చూడండి. ఫ్యాను బిగించడానికి, వైరు లాగడానికి రేకుకు డ్రిల్లుతో చిల్లు పెట్టినప్పుడు. కటింగ్ మిషనుతో రేకు అంచు కోసినప్పుడు. పాచి పట్టిందని తీగల బ్రష్షుతో రుద్దినప్పుడు. గాలివానకో, కోతుల గంతులకో రేకు విరిగి గదిలో పడినప్పుడు. ఆ ముక్కలను చీపురుతో పొడి పొడిగా ఊడ్చినప్పుడు. ఎండకూ వానకూ ఏళ్ల తరబడి నాని పైపొర సిమెంటు కొట్టుకుపోయిన పాత రేకు నుంచి, ఎవరూ ముట్టుకోకపోయినా, కొంత దుమ్ము రాలుతుంది.

పిల్లలు కూడా ఈ ముక్కలతో ఆడుకుంటారు. విరిగిన రేకు ముక్క తొక్కుడుబిళ్లకు బాగుంటుంది. బండ మీద రాస్తే గీత పడుతుంది. ఆ ముక్కను అరగదీసి గుండ్రంగా చేసుకునే పిల్లలూ ఉంటారు. బడి ఆవరణలో రేకు ముక్కలు పడి ఉండకూడదు అనడానికి ఈ ఒక్క కారణం చాలు.

హైస్కూలు ప్రయోగశాలలో మరో చోటు ఉంది. స్పిరిట్ దీపం మీద బీకరు పెట్టడానికి వాడే ఇనుప జాలీ మధ్యలో తెల్లని గుండ్రటి పూత ఉంటుంది. పాతకాలపు జాలీల్లో ఆ పూత రాతినారదే. పొడి రాలుతున్న పాత జాలీలను తడిపి, కవరులో మూసి పక్కన పెట్టించండి. ఇప్పుడు రాతినార లేని జాలీలు దొరుకుతున్నాయి.

వేసవి సెలవుల్లో జరిగే పొరపాటు

మంచి ఉద్దేశంతోనే చెడు జరిగే సమయం ఇది. ఏప్రిల్, మే నెలల్లో బడికి మరమ్మతులు మొదలవుతాయి. కమిటీవారు చందాలు పోగుచేసి, పాత రేకులు తీసి కొత్త కప్పు వేయిద్దామనుకుంటారు. కూలీలు పైకెక్కి సుత్తితో కొట్టి రేకులను కిందకు పడేస్తారు. ముక్కలను ట్రాక్టరులో వేసి గుంతలు పూడ్చడానికి వాడతారు. కొన్ని అదే ఆవరణలో మిగిలిపోతాయి. జూన్‌లో పిల్లలు వచ్చేసరికి కప్పు కొత్తది. కానీ బెంచీల మీద, కిటికీ అంచుల మీద, నేల పగుళ్లలో పాత రేకుల దుమ్ము ఉంటుంది. ముప్పై ఏళ్లు కదలకుండా ఉన్న ప్రమాదాన్ని ఒక్క పూటలో గదంతా చల్లినట్టవుతుంది.

తీయవలసి వస్తే ఇలా తీయించండి.

పిల్లలు లేని రోజుల్లోనే పని జరగాలి. చుట్టుపక్కల ఇళ్లవారికి ముందుగా చెప్పాలి. గదిలోని బెంచీలు, పుస్తకాలు, బియ్యం మూటలు ముందే బయటకు తీయాలి.

రేకులను ముందుగా నీళ్లతో బాగా తడపాలి. తడిసిన దుమ్ము ఎగరదు. పైపు ధారను గట్టిగా కొట్టకుండా మెల్లగా చల్లాలి.

సుత్తి, కటింగ్ మిషను వాడకూడదు. కొక్కేల బోల్టులను స్పానరుతో విప్పి, రేకును నిండుగా కిందకు దించాలి. తుప్పు పట్టిన బోల్టు రాకపోతే బోల్టునే కోయాలి గానీ రేకును పగలగొట్టకూడదు. పాత రేకు మీద నేరుగా కాలు పెడితే విరిగి మనిషి కింద పడతాడు. పలక అడ్డం వేసుకునే నడవాలి.

పనివారికి దుమ్మును నిజంగా ఆపే మాస్కులు ఇవ్వాలి. ముఖానికి కట్టుకున్న రుమాలు, తువ్వాలు ఈ పోగులను ఆపవు. పని కాగానే అక్కడే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. దుమ్ము బట్టలను ఇంటికి తీసుకెళ్లి దులిపితే ఆ దుమ్ము ఇల్లాలికీ, పసిపిల్లలకూ చేరుతుంది. భర్తల పని బట్టలు ఉతికిన ఆడవాళ్లకు ఈ జబ్బు వచ్చిన ఉదంతాలు అనేక దేశాల్లో నమోదయ్యాయి.

తీసిన రేకులనూ ముక్కలనూ మందపాటి ప్లాస్టిక్ షీటులో చుట్టి మూయాలి. గుంత పూడ్చడానికీ, పక్కింటివారి కోళ్ల గూటికీ, పాత సామాన్ల వ్యాపారికీ ఇవ్వకూడదు. ఎక్కడికి పంపాలో నగరపాలికనూ, కాలుష్య నియంత్రణ మండలినీ రాతపూర్వకంగా అడగాలి. చివరగా గదిని తడిగుడ్డతో తుడవాలి. చీపురు వద్దు.

డబ్బు లేక ఈ ఏడాది తీయించలేకపోతే, రేకు గట్టిగా ఉన్నంతవరకు దాన్ని కదిలించకుండా ఉంచడమే మేలు. చిల్లులు పెట్టవద్దు, రుద్దవద్దు. లోపలా బయటా మంచి రంగు పూతను రోలరుతో వేయిస్తే పైపొర రాలడం తగ్గుతుంది. విరిగిన రేకు ఉన్న గదిలో మాత్రం తరగతి నడపవద్దు.

కొత్తగా కట్టేవారు మొదటి నుంచే ఈ రేకులు మానుకోవడం అన్నిటికంటే చౌక. మంగళూరు పెంకులు, కాంక్రీటు మిద్దె, అడుగున వేడిని ఆపే పొర వేసిన లోహపు రేకులు ఉన్నాయి. బళ్ళారి ఎండలో ఒట్టి లోహపు రేకు కింద పిల్లలు కూర్చోలేరు. కాబట్టి ఆ పొర ఖర్చును అంచనాలో మొదటే కలపండి.

దవా ఏం చేయగలదు, ఏం చేయలేదు?

ఉన్నాబ్, సపిస్తాన్, ములేఠీ, గులే బనఫ్షా వేసి కాచిన జోషాందా మామూలు జలుబు దగ్గులో గొంతుకు హాయినిస్తుంది. కానీ ఊపిరితిత్తుల్లో దిగబడిన రాతినార పోగును కరిగించే జోషాందా గానీ, లఊఖ్ గానీ, ఖమీరా గానీ లేదు. ఇంగ్లీషు వైద్యంలో కూడా లేదు. దుమ్ము పనివారు బెల్లం తింటే దుమ్ము కడిగేసుకుపోతుందనే నమ్మకం కూడా నిజం కాదు. ఫలానా పొడితో ఊపిరితిత్తులు శుభ్రమవుతాయని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మవద్దు. ఈ రోగానికి మందు పరహేజే. అంటే దుమ్ము పీల్చకుండా చూసుకోవడం.

రేకుల కప్పు కింద చదువుకున్నారని పిల్లలందరికీ ఎక్స్‌రే తీయించనక్కర్లేదు. వాళ్లలో ఇప్పుడు కనిపించేది ఏమీ ఉండదు. పైగా అనవసరంగా ఎక్స్‌రే కిరణాలు తగులుతాయి. రేకుల ఫ్యాక్టరీలో, రేకులు కోసే పనిలో, పాత భవనాలు కూల్చే పనిలో, లారీల బ్రేకు పట్టాలు ఊది శుభ్రం చేసే పనిలో ఏళ్ల తరబడి ఉన్న పెద్దలు మాత్రం పరీక్ష చేయించుకోవాలి. ఆయాసం, మానని ఎండు దగ్గు, ఛాతీలో ఒకవైపు నొప్పి ఉంటే ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రిలో ఊపిరితిత్తుల విభాగానికి వెళ్లండి. "ఎంతకాలం ఏ పని చేశాను" అన్నది డాక్టరుకు మొదటే చెప్పండి. చెప్పకపోతే ఆ దిశగా ఆలోచన రాకపోవచ్చు. బీడీ, సిగరెట్ ఆ రోజే మానేయండి. హకీం దగ్గరకు వచ్చినవారికి కూడా నేను చెప్పేది ఇదే.

తల్లిదండ్రుల చేతిలో ఉన్నది

సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఇచ్చిన తీర్పులో రాతినార కార్మికుల ఆరోగ్యం రాజ్యాంగం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. పనిలో చేరిననాటి నుంచి కనీసం 40 ఏళ్ల పాటు వారి ఆరోగ్య వివరాలు భద్రపరచాలని ఆదేశించింది. ఈ రోగం ఎంత ఆలస్యంగా బయటపడుతుందో కోర్టు గుర్తించింది కాబట్టే అంత గడువు పెట్టింది. 2009లో కేరళ మానవ హక్కుల కమిషన్ ఆ రాష్ట్రంలోని బడుల రాతినార కప్పులను దశలవారీగా తీసి పెంకులు వేయాలనీ, ఇకపై అలాంటి కప్పుతో కొత్త బడికి అనుమతి ఇవ్వవద్దనీ సిఫార్సు చేసింది. అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం ప్రతి బడీ తన భవనంలో రాతినార ఎక్కడుందో పరీక్ష చేయించి, ఆ వివరాల పత్రాన్ని తల్లిదండ్రులకు అందుబాటులో ఉంచాలి. బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 చివరలో రాతినార వాడకాన్ని నిషేధించాయి.

మన దగ్గర అలాంటి నిషేధం లేదు. కానీ కమిటీలు ఉన్నాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. కర్ణాటకలో ఎస్‌డీఎంసీ పేరుతో ఆ కమిటీ పనిచేస్తుంది. మదరసాలకూ, మన సంఘాలు నడిపే బడులకూ ఇంతెజామియా కమిటీలు ఉన్నాయి. ఈసారి సమావేశంలో నాలుగు ప్రశ్నలు అడగండి. మన కప్పులో ఎన్ని రేకులు పగిలి ఉన్నాయి? ఆవరణలో ముక్కలు ఏరించారా? మరమ్మతు చేసే మేస్త్రీకి తడిపి, విప్పి, నిండుగా దించమని కాగితం మీద రాసిచ్చారా? తీసిన రేకులు ఎక్కడికి వెళతాయి?

ఈ నాలుగింటికి జవాబు రాబట్టడానికి ఖర్చేమీ కాదు. ఈ రోజు ఒకటో తరగతిలో కూర్చున్న బిడ్డకు యాభై ఏళ్లు వచ్చినప్పుడు మనలో చాలామందిమి ఉండము. అప్పుడు ఆ బిడ్డ ఆయాసం లేకుండా మెట్లెక్కగలగాలంటే, ఆ జాగ్రత్త ఈ వేసవిలోనే పడాలి.